‘సరదాగా లేదు’ అన్నా పైసలు వాపసు ఇస్తరట

ఇది జర పెద్ద పోస్టు. మెస్సుల లైన్ల నిలబడి చదువుకోవచ్చు, లైను ఎట్లాగూ పెద్దగనే ఉంటది.

ఈసారి స్కాలర్‌షిప్పుల గురించి రాస్తలేము, నోటిఫికేషన్ల గురించి అసలే రాస్తలేము. వీడియో గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణాల గురించి రాస్తున్నం. ఆ దుకాణాల్ల కొన్న ఆట నచ్చకపోతే పైసలు తిరిగి ఇస్తరు. పెద్దగ అడుగుడు కూడా ఉండదు. మాకు మొదట్ల ఇది నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే మన గూడేలల్ల ‘వాపసు’ అనే మాట ఒక్క దిక్కే నడుస్తది. సేటు దగ్గర తెచ్చిన అప్పు వాపసు, ఉద్దెర తెచ్చిన మందు బస్తాల పైసలు వాపసు, మిత్తితోటి వాపసు. అన్నీ మన చేతుల నుంచి పోయేవే. సేటు దిక్కు నుంచి మన దిక్కు వాపసు వచ్చిన రోజు మా తాతలు కూడా చూసి ఉండరు.

మేమంటే ఎవరమో చెప్పాలె కదా. చొప్పదండిల ఒక హాస్టల్ గదిల ఉండే ఆరుగురం. ఉట్నూరు దిక్కువాళ్లం ఇద్దరం, నార్నూరు, జైనూరు, ఇంద్రవెల్లి నుంచి ఒక్కొక్కరం, ఇంకొకడు ఇక్కడి పక్క మండలం వాడే. అందరికీ ఇరవై ఏండ్లు అటూ ఇటూ. మా ఇండ్లల్ల డిగ్రీ దాక వచ్చింది మేమే మొదలు. మా గదిల ఒక ల్యాప్‌టాప్ ఉన్నది. సీనియర్ అన్న ఒకాయన ఉద్యోగం వచ్చి పోతూ పోతూ ఇచ్చిపోయిండు. దానికి బ్యాటరీ లేదు, వైరు పీకితే పాణం పోతది. ప్రాజెక్టు రిపోర్టులు అందులనే, సినిమాలు అందులనే.

పోయిన ఎండకాలం స్టీమ్‌ల సేల్ పెట్టిర్రు. లారీ నడిపే ఆట ఒకటి 480 రూపాయలకు వచ్చింది. ఆరుగురం తలా ఎనభై వేసినం. ఎనభై అంటే నవ్వకుండ్రి, మా లెక్కల అది రెండుసార్లు కరీంనగర్ పోయి వచ్చి ఛాయ్ తాగే పైసలు. ల్యాప్‌టాప్ ఇచ్చిన అన్ననే తన డెబిట్ కార్డుతోటి కొనిపెట్టిండు. ఫోన్ల ముందే చెప్పిండు, “నడిస్తే ఆడుకోండ్రి, నడవకపోతే రెండు గంటలు దాటకముందే నాకు చెప్పుండ్రి, వాపసు పెడుదాం” అని. ఆ ముసలి ల్యాప్‌టాప్ల ఆట తెరుచుకున్నది కానీ లారీ ఒక అడుగు వేసి ఆగుడు, ఇంకో అడుగు వేసి ఆగుడు. మన ఘాటు రోడ్డు మీద ఎడ్లబండి నయం. నలభై నిమిషాలు చూసి అన్నకు చెప్పినం.

వాపసు అడిగే పేజీ చూసి మేం అందరం ఒకరి మొఖాలు ఒకరం చూసుకున్నం. ఎందుకు వాపసు కావాలె అని కారణాలు కొన్ని వాళ్లే రాసి పెట్టిర్రు. కంప్యూటర్ల నడుస్తలేదు అనేది ఒకటి. తప్పుజారి కొన్నం అనేది ఒకటి. అందులనే ఇంకోటి, ‘సరదాగా లేదు’ అని! కొన్న సామాను మంచిగనే ఉన్నా, నాకు మజా రాలేదు అంటే పైసలిస్తరా? మాలో ఇంద్రవెల్లోడు అన్నడు, “అంగడిల కోడిని కొని, వండుకొని, రుచి లేదు అని వాపసు ఇచ్చినట్టు ఉన్నది” అని. మా అన్న ఉన్న సంగతే నొక్కిండు, నడుస్తలేదు అని. వారం లోపల 480 రూపాయలు ఆయన ఖాతాల పడ్డయి. ఎవరి ఎనభై వాళ్లకు వచ్చింది. ఎవరితోటీ మాట్లాడే పని పడలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, ‘మళ్ల రేపు రా’ అని ఎవరూ అనలేదు.

అప్పటిసంది ఈ వాపసుల గురించి చదువుడు మొదలుపెట్టినం. చదివినకొద్దీ తెలిసింది ఏందంటే, ఇది ఎవరి మంచితనం వల్లనో ఊరికెనే వచ్చింది కాదు.

స్టీమ్ అనేది అమెరికాలోని వాల్వ్ అనే కంపెనీది. 2003ల మొదలైంది. పన్నెండేండ్ల దాక వాళ్ల మాట కూడా మన సేట్ల మాటే, కొన్నంక వాపసు లేదు. 2014 ఆగస్టుల ఆస్ట్రేలియా దేశపు వినియోగదారుల కమిషన్ వాళ్ల మీద కోర్టుకు పోయింది. మా దేశం చట్టం ప్రకారం సరుకు సక్కగ లేకపోతే కొన్నవాడికి వాపసు హక్కు ఉంటది, మీరు ‘లేదు’ అని రాసుడు జనాన్ని తప్పుదోవ పట్టించుడే అని కేసు. వాల్వ్ ఏమన్నదంటే, మేం అసలు ఆస్ట్రేలియాల వ్యాపారమే చేస్తలేము, మాకు మీ చట్టం వర్తించదు అన్నది. ఆ దేశంల వాళ్లకు ఇరవై లక్షలకు పైన ఖాతాలు ఉన్నా గట్లనే వాదించింది. కేసు నడుస్తుండగనే, 2015 జూన్ 2న, ఇప్పుడున్న వాపసు పద్ధతి ప్రపంచం మొత్తానికి పెట్టింది. 2016 మార్చిల అక్కడి ఫెడరల్ కోర్టు వాల్వ్‌ది తప్పే అన్నది, డిసెంబరుల 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. వాల్వ్ పై కోర్టులకు పోయినా జరిమానా తప్పలేదు.

ఎక్కడి ఆస్ట్రేలియా, ఎక్కడి చొప్పదండి. అయినా ఆ పద్ధతి పుణ్యాన మా ఎనభై రూపాయలు మాకు వచ్చినయి.

పద్ధతి ఏందో సాఫుగ చెప్తం, ఎవరికన్నా పనికొస్తది. కొన్న 14 రోజుల లోపల అడగాలె, ఆడింది రెండు గంటల లోపే ఉండాలె. ఈ రెండూ ఉంటే కారణం ఏదైనా ఇస్తరు. రెండింట్ల ఒకటి దాటినా అడుగొచ్చు, చూస్తరు, కానీ గ్యారంటీ లేదు. ఆట ఇంకా విడుదల కాకముందే పైసలు కట్టి ఉంటే విడుదల అయ్యేదాక ఎప్పుడైనా వాపసు తీసుకోవచ్చు. కొన్న రెండు రోజులకే ఆ ఆట సేల్‌ల సగం ధరకు వచ్చిందనుకోండ్రి, వాపసు పెట్టి మళ్ల సగం ధరకు కొనుక్కోవచ్చు, అది మోసం కిందికి రాదు అని వాళ్లే రాసిర్రు. పైసలు వాలెట్‌లకా, కట్టిన దిక్కుకేనా అని అడుగుతరు. వాలెట్ నొక్కితే ఆ పైసలు మళ్ల ఆటలకే పనికొస్తయి, మెస్ బిల్లుకు పనికిరావు. కాబట్టి చూసి నొక్కాలె. కొన్ని రకాల చెల్లింపులకైతే వాలెట్‌కు తప్ప వేరే దిక్కు వెయ్యరు, కట్టకముందే చూసుకోవాలె.

మిగిలిన దుకాణాలు అన్నీ ఇట్లనే ఉంటయనుకోవద్దు. జీఓజీ అనే పోలండ్ దుకాణం 2020 నుంచి ముప్పై రోజులు ఇస్తున్నది, ఆట ఆడినా సరే. ఎపిక్‌ల రెండు గంటలు, 14 రోజులు. ప్లేస్టేషన్‌ల 14 రోజులు అంటరు కానీ డౌన్‌లోడ్ మొదలుపెడితే అయిపోయినట్టే, ఆటల లోపం ఉంటే తప్ప. నింటెండోల మామూలుగ కొన్నది కొన్నదే. 2020 డిసెంబరుల ‘సైబర్‌పంక్ 2077’ అనే పెద్ద ఆట పాత ప్లేస్టేషన్ల సక్కగ నడవకపోతే, సోనీ ఆ ఆటను దుకాణం నుంచే తీసేసి అడిగినోళ్లందరికీ పైసలు తిరిగి ఇచ్చింది. లక్షల మంది ఒక్కసారే అడిగితే దుకాణందారు ఎట్ల కదులుతడో అది చూడాలె.

ఇంకో దిక్కు కూడా చెప్పకపోతే అన్యాయమైతది. 2021 ఆగస్టుల ఎమికా గేమ్స్ అనే పేరుతోటి ఆటలు చేసే ఒక చిన్న తయారీదారు, ఇగ నేను ఆటలు చేసుడు బంద్ పెడుతున్న అని ప్రకటించిండు. ఆయన చేసిన ‘సమ్మర్ ఆఫ్ 58’ అనే ఆట రెండు గంటల లోపలే అయిపోతది. జనం మొత్తం ఆడుడు, మంచిగుంది అని రాసుడు, పైసలు వాపసు తీసుకునుడు. పద్ధతి ప్రకారం అది తప్పు కాదు. కానీ మా గదిల దీని మీద ఒక రాత్రి గట్టి పంచాయితే అయింది. జైనూరు నుంచి వచ్చినోడు కోలాం పిలగాడు, వాళ్ల అవ్వ వెదురు గుల్లలు అల్లుతది. “మా అవ్వ అల్లిన గుల్ల తీసుకపోయి, పంట మొత్తం మోసుకొని, నచ్చలేదు అని వాపసు తెస్తే మేం ఏం తినాలె?” అన్నడు. ఎవరికీ జవాబు దొరకలేదు. పెద్ద కంపెనీకి ఒక ఆట వాపసు వస్తే ఈగ వాలినట్టు. ఒక్కడే కూసొని ఏడాది కష్టపడి చేసినోడికి అట్ల కాదు. పూర్తిగ ఆడి, నచ్చి కూడా వాపసు పెట్టుడు మాకైతే మంచిగ అనిపించదు. మా గదిల ఆ పని చెయ్యం అనుకున్నం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడు అసలు మాట. మనలో కంప్యూటర్ల ఆటలు కొనేటోళ్లు ఎంతమంది? చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మనోళ్ల పైసలు పోయేది ఫోన్లల్ల. ఆట ఉత్తగనే వస్తది. లోపల డైమండ్లు, బట్టలు, తుపాకి రంగులు కొనాలె. ఇరవై, నలభై, ఎనభై, అట్ల చిల్లరగ పోతది. దుకాణాల దయ అంతా పెద్దగ ఒక్కసారి కొనేటోడి మీదనే ఉంటది, చిల్లరగ పోగొట్టుకునేటోడి మీద తక్కువ. డైమండ్ వాడేసినంక దాన్ని వాపసు తీసుకునేటోడు ఉండడు. అయినా గూగుల్ ప్లేల 48 గంటల లోపల అడిగితే వచ్చే దారి ఉన్నది. ఆ తర్వాత అయితే ఆట తయారు చేసినోళ్లనే అడగాలె. ఇంట్ల చిన్న తమ్ముడు తెలియక నొక్కిన కొనుగోలు అయినా 48 గంటల లోపే అడగాలె. అసలు తెలిసినోళ్లు ఎవరూ కొనంది మన ఖాతా మీద పడితే 120 రోజుల లోపల గూగుల్‌కు రిపోర్టు చేయొచ్చు. అమెరికాల 2022 డిసెంబరుల ఫోర్ట్‌నైట్ ఆట చేసే ఎపిక్ కంపెనీ, పిల్లలు ఒక్క బటను తప్పుగ నొక్కితే పైసలు పోయేటట్టు ఆటను పెట్టినందుకు, 24 కోట్ల 50 లక్షల డాలర్లు కొన్నోళ్లకు తిరిగి కట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. మన దేశంల కూడా 2023 నవంబరు 30న ఇట్లాంటి మాయ బటన్ల మీద మార్గదర్శకాలు వచ్చినయి. పదమూడు రకాల మాయలకు పేర్లు పెట్టి, ఇవి చెయ్యొద్దు అన్నరు.

రమ్మీ, బెట్టింగు యాప్‌లను ఈ లెక్కల కలపొద్దు. అవి మన రాష్ట్రంల 2017 నుంచే నిషేధం, 2025 ఆగస్టుల దేశం మొత్తానికి చట్టం వచ్చింది. అండ్ల పోయిన పైసలకు ‘సరదాగా లేదు’ అనే బటను ఉండదు.

ఇంకొక ప్రమాదం. ‘మీకు రిఫండ్ వచ్చింది, ఈ లింకు నొక్కి పిన్ కొట్టండి’ అని ఫోన్లు వస్తున్నయి. మా హాస్టల్ల ఒక తమ్మునికి వచ్చింది, వాడు సగం దాక పోయిండు, పక్కనోడు చూసి ఫోన్ గుంజుకున్నడు. పైసలు మనకు రావాలంటే పిన్ కొట్టే పనే లేదు. పిన్ కొట్టినమంటే పైసలు పోతున్నట్టే. పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలె. రేపు చేద్దాం అనుకుంటే ఆ పైసలు నాలుగు ఖాతాలు దాటిపోతయి.

ఈ ఆటల సంగతి ఇంత రాయడానికి ఇంకో కారణం ఉన్నది. 480 రూపాయలు వచ్చిన వారంలనే మాలో నార్నూరోళ్ల ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. పత్తి మొలవలేదు. ఎనిమిది ప్యాకెట్లు పెట్టిర్రు. 475 గ్రాముల బీటీ-2 ప్యాకెట్‌కు ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ ధర 2024ల 864 రూపాయలు, మరుసటేడు 901. లెక్క వేసుకోండ్రి, ఏడు వేల చిల్లర. అది కూడా ఉద్దెర. సగం కంటే తక్కువ మొలిచినయి. పక్క చేన్ల వేరే రకం పెట్టినోళ్లకు మంచిగనే మొలిచింది, అదే వాన, అదే నేల. బాపు దుకాణానికి పోతే, “వాన తక్కువైంది, నువ్వు లోతు పెట్టినవ్, విత్తనం తప్పు కాదు” అన్నడట దుకాణందారు. బిల్లు ఏదంటే లేదు. ఉద్దెర తెచ్చినోనికి బిల్లు ఎవరు ఇస్తరు? మళ్ల అదే దుకాణంల ఇంకో నాలుగు ప్యాకెట్లు ఉద్దెర తెచ్చి పెట్టిర్రు.

ఆ రోజు రాత్రి మా గదిల ఎవరం సరిగ్గ తినలేదు. ఆడుకునే బొమ్మ లారీ నడవలేదు అంటే వారంల పైసలు వచ్చినయి. అన్నం పెట్టే విత్తనం మొలవలేదు అంటే తప్పు బాపుదే అయింది.

అందుకే చట్టం ఏమంటదో ఎతికినం. వినియోగదారుల రక్షణ చట్టం 2019ల వచ్చింది, 2020 జులై 20 నుంచి అమలు. దాంట్ల సెక్షన్ 2(47) అన్యాయమైన వ్యాపార పద్ధతులు ఏవో చెప్తది. బిల్లు ఇయ్యకపోవుడు వాటిల ఒకటి. లోపం ఉన్న సరుకును వాపసు తీసుకోకపోవుడు, బిల్లుల రాసిన గడువుల, గడువు రాయకపోతే 30 రోజుల్ల పైసలు తిరిగి ఇయ్యకపోవుడు ఇంకోటి. అంటే మన కరీంనగర్, ఆదిలాబాద్ దుకాణాల బిల్లుల కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చేసుకుంటరు కదా, లోపం ఉన్న సరుకు విషయంల ఆ అచ్చుకు విలువ లేదు. నచ్చలేదు అంటే మాత్రం ఇయ్యాల్నని లేదు, అది ఆటల దుకాణాలు ఇచ్చే ఎక్స్‌ట్రా.

విత్తనాల మీద ఇంకా గట్టి మాట ఉన్నది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద కేసు వేస్తే, అది సుప్రీంకోర్టు దాక పోయింది. 2012 జనవరి 16న తీర్పు వచ్చింది. విత్తనాలకు వేరే చట్టం ఉన్నది, రైతులు వినియోగదారుల ఫోరానికి రావొద్దు అని కంపెనీ వాదన. కోర్టు ఒప్పుకోలేదు, రైతు కూడా వినియోగదారుడే అన్నది. విత్తనాన్ని ల్యాబుల పరీక్ష చేయించలేదు కదా అని కూడా కంపెనీ అడిగింది. రైతు విత్తనాలు కొనేది విత్తుకోవడానికి, రేపు పరీక్షకు పనికొస్తయని దాచిపెట్టుకుంటడని అనుకోలేము అని కోర్టు అన్నది. ఇది చదివినప్పుడు నార్నూరోడు రెండుసార్లు చదివించుకున్నడు.

కేసు జిల్లా కమిషన్ల వేయొచ్చు. మనం ఉండే జిల్లాలనే వేయొచ్చు, కంపెనీ హైదరాబాద్‌ల ఉన్నా, గుజరాత్‌ల ఉన్నా. అయిదు లక్షల లోపు సరుకైతే ఫీజు లేదు. రెండేండ్ల లోపల వెయ్యాలె. ముందుగల 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించుకోవచ్చు. ఇంత దారి ఉన్నా, బిల్లు లేకపోతే మొదటి మెట్టు మీదనే ఆగిపోతం. ఆటల దుకాణానికి మనం ఎప్పుడు కొన్నమో, ఎన్ని నిమిషాలు ఆడినమో అన్నీ తెలుసు, లెక్క వాళ్ల దగ్గరనే ఉంటది. అందుకే అక్కడ కొట్లాట లేదు. మన బాపుల దగ్గర కాయితమే లేదు.

ఈసారి మిరుగు ముందట మేం నలుగురం నార్నూరు పోయినం, సెలవులే కదా అని. బాపుతోటి కలిసి దుకాణానికి పోయినం. ఎనిమిది ప్యాకెట్లు తీసుకొని, బిల్లు రాయమన్నం. “అందరికీ ఒక్కసారే రాస్త, రేపు రాండ్రి” అన్నడు. “పర్వాలేదు కాకా, కూసుంటం” అన్నం. బాపుకైతే బుగులు, వచ్చేసారి ఉద్దెర ఇయ్యడేమో అని మా దిక్కు చూసుకుంట నిలబడ్డడు. ఆ బుగులు ఉత్తదే అని మేం అనలేము, ఇంకో దుకాణం ఉద్దెర ఇచ్చేది దగ్గరల లేదు. గంట కూసున్నం. గిరాకీలు వస్తున్నరు, పోతున్నరు, అందరూ మమ్ముల చూస్తున్నరు. మా వెనుక నిలబడ్డ ఒక పెద్దమనిషి, “మరి నాకు కూడా రాయి సేటు” అన్నడు. అప్పుడు రాసిచ్చిండు. రకం పేరు, లాట్ నంబరు, తారీఖు, ధర, సంతకం. ఉద్దెర అని కూడా రాయించినం. కింద అచ్చు అట్లనే ఉన్నది, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని.

ఆ బిల్లు, ఖాళీ ప్యాకెట్లు, మిగిలిన పిడికెడు గింజలు బాపు ట్రంకు పెట్టెల ఉన్నయి. వాటి ఫోటోలు మా నాలుగు ఫోన్లల్ల ఉన్నయి. ఇప్పటిదాక మొలకలు మంచిగనే ఉన్నయట. ఆదిలాబాద్ జిల్లా కమిషన్ల విత్తనాల మీద కేసు వేసినోళ్లు ఎవరన్నా మనలో ఉంటే చెప్పండ్రి, ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చింది, వకీలు లేకుండ నడిచిందా, తెలుగుల రాసిస్తే తీసుకున్నరా. మా దగ్గర బోయే ఏడు మొలవని విత్తనాల ఫోటోలు ఉన్నయి, కానీ బిల్లు లేదు. దానికి ఏమన్నా దారి ఉంటదా అనేది కూడా అడుగుతున్నం.